పలక మీది పేరు

1817 చివర్లో లండన్ నుంచి ఒక పియానో ఓడెక్కింది. ట్రియెస్టి రేవులో దిగి, అక్కణ్ణుంచి బండ్ల మీద కొండలు దాటి వియన్నా చేరింది. చేరేసరికి ఏడాది మారిపోయింది. పంపినవాడు థామస్ బ్రాడ్‌వుడ్, లండన్‌లో పెద్ద పియానో కంపెనీ యజమాని. అందుకున్నవాడు బీథోవెన్. డబ్బు పుచ్చుకోలేదు, కానుక. తీగలు చుట్టే పిన్నులు దిగేసిన చెక్క మీద ఇది బీథోవెన్ ప్రతిభకు బ్రాడ్‌వుడ్ ఇచ్చిన బహుమానమని లాటిన్‌లో రాయించి, లండన్‌లో పేరున్న సంగీతకారుల చేత సంతకాలు కూడా పెట్టించారు. అప్పటికి బీథోవెన్‌కి వినికిడి దాదాపుగా పోయింది. నా వృత్తి చరిత్రలో మొట్టమొదటి ఘనమైన ప్రకటన ఏదని ఎవరైనా అడిగితే నేను దీన్నే చెబుతాను: చెవులు పనిచేయని మహానుభావుడి ఇంట్లో ఒక బ్రాండు నిలబడింది, యూరపంతా ఆ బ్రాండు మంచిదనుకుంది. నిజానికి మంచిదే. అది వేరే సంగతి.

నేను సికింద్రాబాద్‌లో పియానోలు శ్రుతి చేసి బతుకుతున్నాను. పని మద్రాసులో నేర్చుకున్నాను. జంటనగరాల్లో చర్చిలు, క్లబ్బులు, బడులు, కొన్ని పాత ఇళ్ళు, ఈ మధ్య గేటెడ్ కమ్యూనిటీల్లో కొత్త ఇళ్ళు, ఇవీ నా గిరాకీ. శ్రుతి చేయమని పిలిచేవాళ్ళకన్నా కొనేముందు చూసిపెట్టమని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ళు ముందుగా పంపేది మెట్ల వెనక పలక మీద బంగారు రంగులో మెరిసే పేరు ఫోటో. "ఈ బ్రాండ్ ఎలాంటిది?" అంటారు. ఆ పేరు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, రాసినవాడే ఆ పియానో చేశాడో లేదో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. పియానోల చరిత్రలో సగం ఈ పేర్ల చరిత్రే. చేసినవాడి నుంచి పేరు విడిపోయి తన దారిన తాను తిరగడం మొదలుపెట్టి నూటయాభై ఏళ్ళు దాటింది.

మొదట్లో అలా లేదు. ఫ్లోరెన్స్‌లో మెడిచీ ప్రభువుల కొలువులో ఉన్న బార్తొలొమెయో క్రిస్టొఫోరి 1700 ప్రాంతంలో తీగను సుత్తితో కొట్టి పలికించే వాద్యం చేశాడు. ఆయన చేసినవి ఇవాళ మూడే మిగిలాయి: 1720 నాటిది న్యూయార్క్‌లో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది లైప్జిగ్‌లో. వాటిని కొలువు కోసం చేశాడు, బ్రాండు అవసరం రాలేదు. లండన్‌లో 1760లలో యోహానెస్ జుంపె బల్లలా ఉండే చిన్న చదరపు పియానోలు చేసి అమ్మినప్పుడు కూడా కొనేవాడు ఆ వీధికి వెళ్ళి ఆ మనిషినే చూసేవాడు. మన దగ్గర వీణ ఇప్పటికీ అలాగే కొంటారు. బొబ్బిలి వీణ కావాలంటే గొల్లపల్లి వెళ్ళి, పనస దుంగను తొలిచే మనిషి పక్కన కూర్చుని, కుండ మీద వేలితో తట్టి విని మాట్లాడుకుంటారు. చేసినవాడు ఎదురుగా ఉంటే పలక మీద పేరుతో పనేముంది?

పేరుకు బలం వచ్చింది ఇనుముతో. సుత్తి గట్టిగా కొట్టాలంటే తీగ లావుగా ఉండాలి, లావు తీగ శ్రుతికి రావాలంటే బిర్రుగా లాగాలి. చెక్క చట్రం ఆ లాగుడికి వంగిపోయేది. బాస్టన్‌లో 1825లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ చదరపు పియానోకి ఒకే పోతగా పోసిన ఇనుప చట్రం బిగించి పేటెంటు తీసుకున్నాడు. 1843లో అదే ఊళ్ళో జోనస్ చికరింగ్ గ్రాండ్ పియానోకి అలాంటి చట్రం తెచ్చాడు. ఇవాళ్టి పియానోలో రెండువందల ముప్ఫై దాకా తీగలుంటాయి, అన్నీ కలిపి లాగే లాగుడు ఇరవై టన్నుల దాపున ఉంటుంది. ఆ బరువును గదిలో మూల నిశ్శబ్దంగా మోస్తున్నది ఆ పోత ఇనుమే. పోత పోయడానికి కొలిమి కావాలి, కొలిమికి పెట్టుబడి కావాలి, పెట్టుబడి తిరిగి రావాలంటే వేల పియానోలు అమ్ముడుపోవాలి. ఇంటి పక్క వడ్రంగి చేతిలోంచి పని కార్ఖానాకి పోయింది. చేసినవాడి ముఖం కొనేవాడికి కనపడటం మానేసింది. ఆ ముఖం స్థానంలోకి పేరు వచ్చింది.

1853 అనే సంవత్సరం మా వాళ్ళకి కంఠతా వచ్చు. ఆ ఒక్క ఏడే న్యూయార్క్‌లో స్టైన్‌వే, బెర్లిన్‌లో బెక్‌స్టైన్, లైప్జిగ్‌లో బ్లూత్నర్ మొదలయ్యాయి. మూడింటి మూలపురుషులూ జర్మన్లే. స్టైన్‌వే కుటుంబం ఇంటిపేరు స్టైన్‌వెగ్, అమెరికా వెళ్ళాక ఇంగ్లీషు నోటికి తగ్గట్టు మార్చుకుంది. 1859లో ఆ ఇంటి కొడుకు హెన్రీ గ్రాండ్ పియానోలో మంద్ర తీగల్ని మిగతావాటి మీదుగా ఏటవాలుగా దాటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దానివల్ల అంతే పెట్టెలో పొడుగు తీగలు పడతాయి, వాటి కంపనాన్ని మోసే వంతెన, మోతను పెంచే సౌండ్‌బోర్డు నడిమికి వస్తుంది, కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. ఈ రోజు దాదాపు ఏ దేశంలో ఏ కంపెనీ చేసిన పియానో మూత ఎత్తినా ఆ ఏటవాలు కనపడుతుంది. ఇది పేరు కాదు, పని. పేరు ఆ పనిని పట్టుకుని పైకొచ్చింది. ఇక్కడిదాకా నాకు ఫిర్యాదు లేదు.

ఆ తర్వాత పతకాల గొడవ మొదలైంది. ఏది మంచి పియానోయో తేల్చడానికి అప్పట్లో ప్రపంచ ప్రదర్శనలుండేవి. 1867 పారిస్ ప్రదర్శనలో స్టైన్‌వేకీ చికరింగ్‌కీ ఇద్దరికీ బంగారు పతకాలొచ్చాయి. దానికి తోడు చికరింగ్ కొడుక్కి మూడో నెపోలియన్ చక్రవర్తి లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదిచ్చాడు. ఇంక చూడండి, మా పతకం ముందు, మా బిరుదు గొప్పది అంటూ అమెరికా పత్రికల నిండా ఇద్దరూ ప్రకటనలు గుప్పించుకున్నారు. వాద్యాల తేడా ఏమిటో ఆ ప్రకటనలు చదివినవాడికి ఒక్క ముక్క తెలిసి ఉండదు. విద్వాంసుల యోగ్యతాపత్రాలు ఇంకో వేడుక. ఫ్రాంజ్ లిస్ట్ మహాశయుడు ఎరార్డ్‌ని మెచ్చుకున్నాడు, బోజెండోర్ఫర్‌ని మెచ్చుకున్నాడు, బెక్‌స్టైన్, చికరింగ్, స్టైన్‌వే అందరినీ మెచ్చుకున్నాడు. పియానోలు ఇంటికి కానుకగా వచ్చి పడుతుంటే ఎవరిని కాదంటాడు పాపం. బ్రాడ్‌వుడ్ పంపిన ఆ బీథోవెన్ పియానో కూడా చివరికి ఆయన ఇంటికే చేరింది. ఆయనే దాన్ని బుడాపెస్ట్‌లో మ్యూజియానికి ఇచ్చేశాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ 1893 షికాగోది. ఆ ఏటి ప్రపంచ ప్రదర్శనలో బహుమతులు తేల్చే పద్ధతి నచ్చక స్టైన్‌వేతో సహా తూర్పు తీరపు పెద్ద కంపెనీలు తప్పుకున్నాయి. షికాగో చుట్టుపక్కల కంపెనీలకు పండగయింది. ప్రదర్శనలో సరుకు పెట్టని కంపెనీ పియానో ప్రదర్శన ఆవరణలో మోగకూడదని నిబంధన పెట్టించారు. అక్కడ వాయించాల్సినవాడు పియానో విద్వాంసుడు పడెరెవ్‌స్కీ. ఆయన స్టైన్‌వే తప్ప ముట్టుకోనన్నాడు. సంగీత విభాగం పెద్ద థియొడోర్ థామస్ ఆయన పక్షం నిలబడ్డాడు. స్టైన్‌వే లోపలికొచ్చింది, పడెరెవ్‌స్కీ వాయించాడు, జనం చప్పట్లు కొట్టారు. థామస్ స్టైన్‌వేకి అమ్ముడుపోయాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి, ఆ ఎండాకాలం గడవకముందే ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఏ పియానో బాగా పలుకుతుందన్న చర్చ ఈ రగడలో ఎక్కడా కనపడదు.

ఇవి పెద్దింటి కొట్లాటలు. సామాన్యుడి ఇంటికి వచ్చిన పియానో కథ వేరే చోట మొదలైంది. జోసెఫ్ హేల్ అని ఒకాయన, మసాచుసెట్స్‌లో పింగాణీ సామాన్ల వ్యాపారం చేసి సంపాదించి, 1860లో న్యూయార్క్ వచ్చాడు. సంగీతం ఆయనకు పట్టలేదు, లెక్కలు పట్టాయి. పియానో పెట్టె ఒకడి దగ్గర, మెట్లు ఒకడి దగ్గర, సుత్తుల యంత్రం ఇంకొకడి దగ్గర టోకున కొని తన దగ్గర బిగించి, పెద్ద కంపెనీలు అడిగే ధరలో సగానికీ మూడో వంతుకీ అమ్మాడు. పలక మీద ఏ పేరు కావాలంటే ఆ పేరు. కత్తిరించిన రేకు పెట్టి రంగు అద్దితే అయిపోయింది. కొట్టువాడు తన పేరు రాయించుకోవచ్చు. లేని కంపెనీకి జర్మన్‌లా వినిపించే పేరు పుట్టించవచ్చు. దూరం నుంచి చూస్తే ఘనమైన పేరులా కనపడేలా ఒక అక్షరం అటూ ఇటూ మార్చిన పేరైనా పెట్టవచ్చు. ఆయన్ని తిట్టిపోసినవాళ్ళు చాలామంది. నేను మాత్రం సగమే తిడతాను. ఆయనలాంటివాళ్ళు లేకపోతే కూలివాడి కూతురు పియానో ముందు కూర్చునేదే కాదు. కానీ పలక మీద పేరుకూ లోపలి పనికీ ఉన్న లంకెను తెంపింది కూడా ఆ చేతులే.

మన ఊళ్ళకొచ్చిన పియానోల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. మద్రాసులో 1842లోనే మిస్క్విత్ కంపెనీ ఉంది, అదే తర్వాత మ్యూజీ మ్యూజికల్ అయింది. బొంబాయిలో 1865 నుంచి ఫుర్టాడోస్. కలకత్తాలో ఇంకా కొన్ని. దొరలకీ, మిషన్లకీ, రెజిమెంట్ల మెస్సులకీ వీళ్ళే తెప్పించి ఇచ్చేవాళ్ళు. ఇంగ్లండ్‌లో, జర్మనీలో ఎవరో చేసిన పియానో మీద ఇక్కడి కొట్టు పేరు, ఊరు వేసి అమ్మడం మామూలే. సికింద్రాబాద్ కంటోన్మెంటు పుట్టింది 1806లో. తిరుమలగిరి, బొల్లారం, లాలాగూడ రైల్వే క్వార్టర్లు, ఎక్కడ చర్చి ఉంటే అక్కడ, ఎక్కడ డ్యాన్సు హాలు ఉంటే అక్కడ ఒక పియానో చేరింది. 1947 తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్ళిపోతూ పెట్టెబేడా కట్టుకున్నాయి గానీ పియానోని కట్టుకుపోవడం ఎవరి తరం? పక్కింటివాళ్ళకీ, బడులకీ, పాత సామాన్ల కొట్లకీ వదిలేశారు. "జర్మన్ పీస్ సార్" అని నాకు ఇప్పుడు చూపించేవి చాలావరకు ఆ సంతతే.

వాటిలో మేలైనవి ఎలా ఉంటాయో చెబుతాను. ఇక్కడి వాతావరణానికి అని చెప్పి ప్రత్యేకంగా చేయించిన పియానోలు వచ్చేవి. పెట్టెకు పలచటి పొర అతికించకుండా గట్టి టేకు వాడేవాళ్ళు. ఇనుప మేకులకు బదులు ఇత్తడి స్క్రూలు. జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురు మన వానాకాలం చెమ్మకి మెత్తబడి వదిలేస్తుంది కాబట్టి ఉన్ని మెత్తల్ని జిగురుతో అంటించడమే కాక చిన్న పిన్నులు కూడా కొట్టేవాళ్ళు. ఒక పియానో లోపల అలాంటి ఇత్తడి మెరుపు కనపడితే పలక మీద ఏ పేరున్నా నాకు గౌరవం కలుగుతుంది. చేసినవాడు ఈ ఊరి వానను ఊహించి చేశాడు.

నాసివాటికి కూడా గుర్తుంది. ఇంగ్లండ్‌లో దండిగా చేసిన ఒక రకం నిలువు పియానో ఉంది. దాంట్లో తీగ మోతను ఆపే మెత్తలు సుత్తుల కింద కాకుండా పైన ఉంటాయి, వాటిని కదిలించే కడ్డీలు సుత్తుల ముందు వరసగా నిలబడి పక్షి పంజరంలా కనపడతాయి. మా వాళ్ళు దాన్ని బర్డ్ కేజ్ అనే అంటారు. తీగ చివర్న ఆ మెత్త పట్టు చాలదు, స్వరం ఆగమన్నా ఆగదు. తీగలు దాటకుండా నిటారుగా ఉంటాయి, చట్రం ముప్పాతిక వంతే ఇనుము, పైన పిన్నులు చెక్కలోనే ఉంటాయి. ఇలాంటివాటిని అసలు శ్రుతికి తేవాలని లాగితే పిన్ను జారుతుంది, లేదా తీగ తెగుతుంది. అందుకే పాత దుకాణాల ప్రకటనల్లో 'పూర్తి ఇనుప చట్రం, దాటు తీగలు, కింది డ్యాంపర్లు' అని గొప్పగా వేసుకునేవాళ్ళు. ఆ మూడు మాటలూ పలక మీది పేరుకన్నా ఎక్కువ చెబుతాయి. అయినా జనం కళ్ళు ముందు మెట్ల మీది దంతం వైపే పోతాయి. ఏనుగు దంతం అంటే విలువ అనుకుంటారు. దంతపు రేకు మెట్టు పైతొడుగు మాత్రమే, శబ్దానికీ దానికీ సంబంధం లేదు. పైగా మన దేశంలో దంతం అమ్మితే కేసవుతుంది, పియానో అమ్మేవాళ్ళు దాన్నే ముందు చెప్పడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంతకీ ఆ గొప్ప పేర్లు ఏమయ్యాయి? అమెరికాలో 1909లో ఒక్క ఏడాదే మూడు లక్షల అరవై వేలకు పైగా పియానోలు చేశారు. అదే శిఖరం. తర్వాత గ్రామఫోను, రేడియో, 1929 మాంద్యం. పియానో కార్ఖానాలు వందల్లో మూతపడ్డాయి. కార్ఖానా మూతపడినా పేరు చావదు, దాన్ని కొంటారు. బాల్టిమోర్‌లో 1837లో మొదలైన క్నాబే సంగతి చూడండి. 1891లో కార్నెగీ హాలు ప్రారంభానికి సంగీతకర్త చైకోవ్‌స్కీ న్యూయార్క్ వచ్చినప్పుడు ఆయనకు ఆతిథ్యం ఇచ్చిన కంపెనీ అది. 1908లో చికరింగ్‌తో కలిపి ఒక పెద్ద సంస్థలో భాగమైంది, 1932లో ఇంకో పెద్ద సంస్థలో కలిసింది, 1985లో ఆ సంస్థ దివాలా తీసింది. పేరు కొరియా చేరింది. ముందు ఒక కంపెనీ చేతికి, తర్వాత ఇంకో కంపెనీ చేతికి. 1880 నాటి క్నాబేకీ ఈ మధ్య దుకాణంలో కనపడే క్నాబేకీ మధ్య చుట్టరికం పలక మీది అక్షరాలు మాత్రమే. అందులో మోసమేమీ లేదు, అంతా చట్టప్రకారమే. కానీ తాతగారి పేరు చూసి మనవడికి అప్పిచ్చే జనం ఉన్నంతకాలం అలాంటి పేర్లకు గిరాకీ ఉంటుంది.

బెక్‌స్టైన్ కథలో రాజకీయం కూడా ఉంది. 1901లో లండన్ విగ్‌మోర్ వీధిలో తమ దుకాణం పక్కనే బెక్‌స్టైన్ హాలు కట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుదేశం ఆస్తి అని బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కట్టడానికి లక్ష పౌన్లయిన హాలును, దుకాణాన్ని, అందులోని పియానోలతో సహా 1916లో 56,500 పౌన్లకు ఒక బట్టల వ్యాపార సంస్థ కొనేసింది. మరుసటి ఏడు అదే హాలు విగ్‌మోర్ హాలు అనే పేరుతో తెరుచుకుంది, గోడలూ, వేదికా మారలేదు. రెండో యుద్ధంలో బెర్లిన్ కార్ఖానా బాంబుల పాలైంది. 1963లో కంపెనీని అమెరికా బాల్డ్విన్ కొంది, 1986లో మళ్ళీ జర్మన్ చేతికొచ్చింది. అందుకే బెక్‌స్టైన్ అని ఎవరైనా ఫోటో పంపితే నేను వెంటనే అడిగేది సీరియల్ నంబరు. అది ఇనుప చట్రం మీదో, పిన్నుల చెక్క మీదో ఉంటుంది. ఏ నంబరు ఏ ఏటిదో చెప్పే పియర్స్ అట్లాసు మా పనివాళ్ళకి పంచాంగం. 1905 బెక్‌స్టైన్ ఒక వాద్యం, 1950 నాటిది వేరొకటి, 1995 నాటిది మరొకటి. పేరు ఒకటే.

జపాను వాళ్ళు ఈ ఆటలోకి వేరే ద్వారం గుండా వచ్చారు. 1887లో హమామత్సు ఊరి బడిలో పాడైన రీడ్ ఆర్గన్‌ని బాగు చేయడానికి టొరకుసు యమహా అనే మరమ్మతులవాణ్ణి పిలిచారు. బాగు చేసి, అలాంటిదే తాను ఒకటి చేసి, తోటివాడితో కలిసి కావడిలా భుజానికెత్తుకుని హకొనె కొండలు దాటి టోక్యో సంగీత విద్యాలయానికి మోసుకెళ్ళాడు. శ్రుతి బాగాలేదన్నారు. ఆయన అక్కడే ఉండి శ్రుతి శాస్త్రం నేర్చుకుని వెనక్కి వెళ్ళి మళ్ళీ చేశాడు. 1900లో మొదటి నిలువు పియానో, 1902లో గ్రాండ్. ఆయన దగ్గర పని నేర్చిన కొయిచి కవాయ్ 1927లో అదే ఊళ్ళో సొంత కంపెనీ పెట్టాడు. ఈ కథ మీద నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. మరమ్మతులవాడు మొదలుపెట్టిన కంపెనీ కదా. యమహా పియానో లోపల స్క్రూ ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, విప్పేవాడి చెయ్యి ఆడుతుంది.

జపాను సరుకులో కూడా పేరు చాలదు, ఎక్కడి కోసం చేశారో చూడాలి. సెకండ్ హ్యాండ్ జపాను పియానోలు కంటైనర్లలో అమెరికాకి వెళ్ళడం మొదలయ్యాక, జపాను ఇళ్ళ చెమ్మకు తగ్గట్టు ఆరబెట్టిన చెక్క అమెరికా పొడి ఇళ్ళలో కుంచించుకుని పగలవచ్చని యమహా అమెరికా శాఖే హెచ్చరించింది. కొత్త పియానోలు అమ్ముకోవడానికి చెప్పిన మాట అని వాదించేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నేను చెక్కనే అడుగుతాను. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు పాపకి పియానో పాఠాలు మొదలుపెట్టిస్తూ ఫోన్ చేశాడు. "మావయ్యా, పక్క వీధిలో ఎవరో పియానో ఊరికే ఇచ్చేస్తున్నారు, వంద ఏళ్ళ నాటి బ్రాండు." అమెరికాలో ఊరికే ఇచ్చే పియానోలు కొల్లలు, 1909 తాలూకు శేషం అది. వీడియో పెట్టమన్నాను. ఎడమ చివర మెట్లు నొక్కితే దుప్పటి దులిపిన చప్పుడు. "మోయడానికి అయ్యే ఖర్చుతో ఏడాది పాఠాలు చెప్పించు" అన్నాను. వాడికి ఆ బ్రాండు మీద మోజు తీరడానికి వారం పట్టింది.

బ్రాండుల గురించి నిర్మొహమాటంగా రాసిన పుస్తకం కొనేవాళ్ళ చేతికి వచ్చింది 1987లో, లారీ ఫైన్ 'ద పియానో బుక్'. ఆయన కూడా బాస్టన్ ట్యూనరే. ఇతర ట్యూనర్లు, మెకానిక్కులు ఏ కంపెనీ పియానోలో ఏ లోపం చూశారో అడిగి పోగేసి రాశాడు. అంతకు ముందు నూరేళ్ళు పతకాలు, చక్రవర్తులు, విద్వాంసులు చెప్పిన మాటలే చెల్లాయి. బాగు చేసేవాడి మాట అచ్చు కావడానికి అంత కాలం పట్టింది.

నేను వెళ్ళి చూసేటప్పుడు చేసేది పెద్ద విద్యేమీ కాదు. పై మూత ఎత్తి టార్చి వేస్తాను. సౌండ్‌బోర్డు స్ప్రూస్ చెక్క, మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉండాలి. చీలిక ఉన్నంత మాత్రాన భయపడను, చీలిక దగ్గర చెక్క కిందనున్న పట్టీ నుంచి వదిలి గరగరలాడుతోందా అని చూస్తాను. ట్యూనింగ్ తాళంచెవి పెట్టి నాలుగైదు పిన్నులు కదిపి చూస్తాను, అసలు తీర్పు అక్కడే. పిన్ను గట్టిగా, నెమ్మదిగా తిరగాలి. వెన్నలో తిరిగినట్టుంటే ఆ పియానో ఫర్నిచరు కిందే లెక్క. పిన్నుల చెక్క పోతే దాని మీద బెర్లిన్ అని రాసున్నా న్యూయార్క్ అని రాసున్నా ఒకటే. సుత్తి ఉన్ని ఎంత అరిగింది, చిమటలు కొట్టాయా, వంతెన మీద పిన్నుల దగ్గర పగుళ్ళున్నాయా, రాగి చుట్టిన మంద్ర తీగలు మొద్దుబారాయా చూస్తాను. విశాఖ నుంచి వచ్చిన పియానో అయితే తీగల తుప్పు చూస్తాను, హైదరాబాద్‌ది అయితే కింద పలక విప్పి ఎలుకలు చూస్తాను. ఇక్కడ ఏప్రిల్‌లో గాలి ఎండిపోయి శ్రుతి కిందికి జారుతుంది, ఆగస్టులో చెమ్మకి సౌండ్‌బోర్డు ఉబ్బి శ్రుతి పైకెక్కుతుంది. అందుకే ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి చూడకుండా కొనవద్దని చెబుతాను. అంత ఓపిక ఎవరికీ ఉండదు.

ఇప్పుడైతే పేరూ ఊరూ ఒకచోట ఉండటమే అరుదు. స్టైన్‌వేయే తన కొలతలతో బాస్టన్ అనే పియానో కవాయ్ చేత చేయిస్తుంది, ఎసెక్స్ అనేది చైనాలో పెర్ల్ రివర్ చేత. యమహా చిన్న నిలువు పియానోలు ఇండోనేషియా నుంచి వస్తాయి. బోజెండోర్ఫర్ ఇప్పుడు యమహా సొత్తు. పెర్ల్ రివర్ గ్వాంగ్జౌలో 1956లో పెట్టిన కంపెనీ, లెక్కన చూస్తే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పియానోలు చేసే కంపెనీల్లో అదొకటి. 2016లో జర్మనీ కంపెనీ షిమ్మెల్‌లో పెద్ద వాటా కొంది. దాని చేతిలో రిట్‌ముల్లర్ అనే పేరుంది. అసలు రిట్‌ముల్లర్ 1795లో జర్మనీలోని గోటింగెన్‌లో మొదలైన వర్క్‌షాపు. ఆ ఇల్లు ఎప్పుడో మూతబడింది, పేరు మిగిలింది.

కొండాపూర్‌లో ఉండే ఒక జంట షోరూంలో రిట్‌ముల్లర్ నిలువు పియానో చూసి, నన్ను రమ్మన్నారు. నా అలవాటు కొద్దీ మూతలు తీశాను. పిన్నులు బిగువుగా ఉన్నాయి. సౌండ్‌బోర్డు ఘనమైన స్ప్రూస్, అతుకుల పలక కాదు. సుత్తులు సమంగా దిగుతున్నాయి, మంద్రం నిండుగా ఉంది, తారస్థాయిలో కొంచెం గాజు మోత ఉంది గానీ ఉన్నిని సూదులతో గుచ్చి మెత్తబరిస్తే పోయేదే. పక్కనే ఇంకా ఎక్కువ ధర పలికే సెకండ్ హ్యాండ్ పియానో ఒకటి ఉంది, ఘనమైన పేరు, లోపల పిన్నులు సందిగ్ధం. ఆవిడ రెండింటి పలకలూ మార్చి మార్చి చూసింది.

"అంకుల్, ఈ రిట్‌ముల్లర్ నిజంగా జర్మనేనా?"

"కాదమ్మా. గ్వాంగ్జౌ."

"మరి 1795 అని రాశారు?"

"అది పేరు పుట్టిన ఏడు. పియానో పోయినేడు పుట్టింది. తీసుకోండి, బాగుంది."

ఆయన ఇంకా ఆ రెండో పియానో వైపే చూస్తున్నాడు. ఆవిడ అడ్వాన్సు కట్టేసింది. మార్చిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి వెళ్ళి శ్రుతి చేసి వస్తున్నాను.